బొమ్మ ట్రాక్టర్‌కు అసలు నోటీసు

ప్రశ్న: అన్నా, నమస్తే. నా పేరు వేయొద్దు. మాది హసన్‌పర్తి దగ్గర పల్లె. పొద్దంతా హన్మకొండలో ఒక షాపులో పని చేసి, రాత్రిళ్లు ఇంట్లో ట్రాక్టర్ బొమ్మలు చేస్తాను. సన్‌బోర్డు, పీవీసీ పైపు ముక్కలు వాడతాను, చిన్న భాగాలు దోస్తు దగ్గరున్న త్రీడీ ప్రింటర్ మీద తీస్తాను. 1:16 స్కేలు, అంటే అసలు బండిలో పదహారో వంతు. మొదట మా బాపు ట్రాక్టర్ చేశాను, ఏపీ 36 నంబరు బండి. అది చూసి ఊళ్లో వాళ్లు అడిగారు, ఇన్‌స్టాలో పెడితే జగిత్యాల, పెద్దపల్లి నుంచి కూడా ఆర్డర్లు వచ్చాయి. రెండేళ్లలో నలభై దాకా అమ్మి ఉంటాను, ఒక్కోటి మూడు, నాలుగు వేలకు. పోయిన వారం ఆ ట్రాక్టర్ కంపెనీ తరఫున ఢిల్లీ లాయర్ల నుంచి నాలుగు పేజీల ఇంగ్లిష్ నోటీసు వచ్చింది. పదిహేను రోజుల్లో అమ్మకం ఆపాలట, ఉన్న బొమ్మలు విరగ్గొట్టి ఫోటోలు పంపాలట, ఎవరెవరికి అమ్మానో లిస్టు ఇవ్వాలట, 2 లక్షలు కట్టాలట, ఇంకెప్పుడూ చేయనని సంతకం పెట్టాలట. నా పేజీ కూడా రెండు రోజులు బంద్ అయింది. బాపు అన్నీ పొయ్యిలో పెట్టెయ్ అంటున్నాడు. దోస్తేమో బొమ్మ మీద కంపెనీ పేరులో ఒక్క అక్షరం మార్చి కొట్టించు, ఏం కాదు అంటున్నాడు. ఇంకో ఆయన నోటీసు చింపేయ్, వాళ్లు ఇక్కడి దాకా వస్తారా అంటున్నాడు. నిద్ర పట్టట్లేదన్నా. నేను దొంగతనం చేశానా? జైలుకు పోవాల్సి వస్తుందా? నోటీసు ఫోటోలు, నా పేజీ లింకు, కొన్నవాళ్ల మెసేజ్‌లు పంపుతున్నాను.

సమాధానం: తమ్ముడూ, ముందు ఆ పొయ్యి ఆర్పమని బాపుకు చెప్పు. ఒక్క బొమ్మ కూడా కాల్చొద్దు, ఒక్క ఫోటో కూడా డిలీట్ చేయొద్దు, వాట్సాప్‌లో ఆర్డర్ల ముచ్చట్లన్నీ ఎట్లున్నవి అట్లనే ఉంచు. భయపడ్డవాళ్లు మొట్టమొదట చేసేది తమ సాక్ష్యాన్ని తామే పోగొట్టుకోవడం, ఇరవై ఏళ్లుగా హన్మకొండ కోర్టులో చూస్తూనే ఉన్నాను. ఆ బొమ్మలు నిన్ను పట్టిస్తాయని అనుకుంటున్నావు కదా, రేపు అవసరమైతే నీ తరఫున మాట్లాడేవి కూడా అవే.

జైలు సంగతి తేల్చేసి ముందుకు పోదాం. 1999 ట్రేడ్‌మార్క్ చట్టంలో 103వ సెక్షన్ ఒకటుంది, దొంగ గుర్తు వేసిన వాళ్లకు ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. నీ నోటీసులో ఆ సెక్షన్‌ను లావు అక్షరాల్లో కొట్టించింది నిన్ను బెదరగొట్టడానికే. అది నకిలీ పురుగుమందు డబ్బా మీద పెద్ద కంపెనీ లేబుల్ అతికించి రైతుకు అంటగట్టేవాడి కోసం పెట్టిన సెక్షన్. మోసం చేసే ఉద్దేశం లేదని చూపించుకోగలిగితే అది నిలబడదు. పోలీసులు సరుకు పట్టుకోవాలన్నా డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి రావాలి, ఆయన కూడా ముందుగా ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. సన్‌బోర్డు ట్రాక్టర్ కోసం ఇంత తతంగం జరగడం నేనైతే ఇంతవరకు చూడలేదు. నీది సివిల్ తగాదా. టెన్షన్ పడాల్సిందే కానీ నిద్ర మానుకునేంత కాదు.

ఇక దొంగతనం మాట. దొంగతనం చేయలేదు. అట్లాగని నీ తప్పేమీ లేదని కూడా నేననను, నీ పేజీ చూశాక అసలే అనలేను.

ఈ తగాదా మొత్తం ఒక్క చిన్న ప్రశ్న మీద నిలబడి ఉంది. బొమ్మ బానెట్ మీద ఉన్న ఆ పేరు కొనేవాడికి ఏం చెప్తోంది? "ఇది ఫలానా ట్రాక్టర్ బొమ్మ" అని చెప్తోందా, "ఇది ఫలానా కంపెనీ చేసిన బొమ్మ" అని చెప్తోందా? రెండూ ఒకేలా వినిపిస్తాయి కానీ చట్టానికి వాటి మధ్య చాలా దూరం ఉంది. ట్రేడ్‌మార్క్ అంటే ఆ సరుకు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చెప్పే గుర్తు, అంతకన్నా ఎక్కువేం కాదు. అసలు ట్రాక్టర్ బానెట్ మీద పేరుంది కాబట్టి నీ బొమ్మ బానెట్ మీదా ఉంది, లైట్లు ఉన్నాయి కాబట్టి లైట్లు పెట్టినట్టు, సైలెన్సర్ ఉంది కాబట్టి సైలెన్సర్ పెట్టినట్టు. ఇంతవరకైతే నీ పక్షాన గట్టిగా వాదించొచ్చు.

ఈ వాదన నేను కొత్తగా కనిపెట్టింది కాదు. జర్మనీలో ఆటెక్ అనే బొమ్మల కంపెనీ, ఓపెల్ ఆస్ట్రా కారుకు 1:24 స్కేలులో రిమోట్ బొమ్మ చేసి, ముందు జాలీ మీద ఓపెల్ వాళ్ల మెరుపు గుర్తు కూడా పెట్టింది. ఓపెల్ కోర్టుకెక్కింది. పైగా ఓపెల్ తన గుర్తును కార్లకే కాదు, బొమ్మలకు కూడా రిజిస్టర్ చేయించుకుని ఉంది, అంటే వాళ్ల చేతిలో బలమైన ముక్కే ఉంది. కేసు యూరప్ న్యాయస్థానం దాకా పోయింది, 2007 జనవరిలో వాళ్లు తేల్చింది ఏమిటంటే, ఆ గుర్తు చూసి జనం ఇది ఓపెల్ వాళ్లు తయారుచేసిన బొమ్మ అనుకుంటున్నారా లేదా అన్నది జర్మనీ కోర్టే చూసుకోవాలి అని. 2010లో జర్మనీ సుప్రీంకోర్టు ఆ లెక్క తేల్చేసింది. బొమ్మ మీద గుర్తును జనం అసలు కారులో ఒక భాగంగానే చూస్తారు, బొమ్మ ఎవరు చేశారో తెలుసుకోవడానికి బొమ్మల కంపెనీ పేరే చూస్తారు, కాబట్టి ఉల్లంఘన లేదు అన్నది. ఆటెక్‌ను కాపాడిన సంగతి ఒకటుంది, జాగ్రత్తగా విను. వాళ్లు రిమోట్ మీద, మాన్యువల్ మీద తమ సొంత పేరు కనపడేట్టు వేసుకున్నారు.

నువ్వు వేసుకోలేదు. నీ పేజీ పేరే ఆ కంపెనీ పేరుతో మొదలవుతుంది, వెనకాల "మినియేచర్స్ వరంగల్" అని తగిలించావు. ప్రొఫైల్ ఫోటోలో ఉన్నది వాళ్ల లోగో. బొమ్మ పెట్టి ఇచ్చే అట్టపెట్టె మీద, పాపం ఎంతో శ్రద్ధగా రేడియం షాపులో కోయించిన వాళ్ల లోగో. రెండు పోస్టుల కింద "ఒరిజినల్ కంపెనీ మోడల్" అని రాశావు. నీ ఉద్దేశం "అచ్చం అసలు బండిలాగే ఉంటుంది" అని నాకు తెలుసు, మన దగ్గర ఒరిజినల్ అనే మాట అట్లాగే వాడతాం, కానీ ఢిల్లీలో కూర్చున్న లాయర్‌కు అది పండగే. జగిత్యాలలో ఫోన్ చూసే మనిషి ఈ పేజీ కంపెనీ వాళ్లదే అనుకుంటే తప్పు అతనిది కాదు. ఈ నాలుగింటి మీద నోటీసులో చెప్పింది నిజం. బొమ్మ సంగతి వేరు, ఈ నాలుగూ వేరు. ఈ పూటే మార్చెయ్. మార్చే ముందు పేజీ ఎట్లుందో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, ఏ తేదీన మార్చావో రాసి పెట్టుకో.

మన చట్టం వైపు వస్తే 29వ సెక్షన్ నీకు వ్యతిరేకంగా, 30వ సెక్షన్ నీకు అనుకూలంగా పనిచేస్తాయి. 29 ప్రకారం రిజిస్టర్ అయిన గుర్తును వ్యాపారంలో అనుమతి లేకుండా వాడొద్దు. బాగా పేరున్న గుర్తయితే వేరే రకం సరుకు మీద కూడా, సరైన కారణం లేకుండా ఆ పేరు మీద లాభం తీయొద్దు, ఆ పేరు పాడుచేయొద్దు. 30 ఏమంటుందంటే, వ్యాపారంలో నిజాయితీగా నడిచే పద్ధతిలో, అన్యాయంగా లాభం తీయకుండా వాడితే, లేదా వస్తువు ఏ రకమో దాని లక్షణం ఏమిటో చెప్పడానికి వాడితే అది ఉల్లంఘన కాదు. ఓపెల్ తీర్పు మన కోర్టును కట్టిపడేయదు, కానీ చూపించుకోవచ్చు, జడ్జిగారు చదువుతారు. అయితే నిజాయితీ అనే మాట అక్కడ ఊరికే లేదు. పేజీ పేరు, పెట్టె, "ఒరిజినల్" పోస్టులు అట్లాగే ఉంచుకుని 30వ సెక్షన్ తలుపు తడితే తెరుచుకోదు.

"నేను హాబీగా చేస్తున్నాను కదా" అనే మాట మీద కూడా ఆశ పెట్టుకోకు. ఇంట్లో పెట్టుకోవడానికి చేసుకున్నా, చెల్లె కొడుక్కి ఊరికే ఇచ్చినా, బడి ఎగ్జిబిషన్‌లో పెట్టినా ఏ కంపెనీ నిన్ను ఏమీ అనడానికి వీల్లేదు, ఎందుకంటే 29వ సెక్షన్ వ్యాపార క్రమంలో వాడటం గురించే మాట్లాడుతుంది. నలభై బొమ్మలు మూడున్నర వేల చొప్పున అంటే లక్షా నలభై వేలు. ఖర్చులు పోను నీ చేతికి కూలి గిట్టి ఉండదు, ఆ సంగతి నాకు తెలుసు, కానీ అది వ్యాపారమే.

నోటీసులో వాళ్లు రెండు రిజిస్ట్రేషన్ నంబర్లు ఇచ్చారు. రెండూ 12వ క్లాసులోవే అని వాళ్లే రాశారు. ట్రేడ్‌మార్క్‌లను సరుకుల రకాన్ని బట్టి 45 క్లాసులుగా విడగొట్టారు. వాహనాలు, ట్రాక్టర్లు 12లోకి వస్తాయి. ఆట బొమ్మలు, స్కేల్ మోడళ్లు 28లోకి వస్తాయి. 28లో కూడా వాళ్లకు రిజిస్ట్రేషన్ ఉంటే వాళ్ల చెయ్యి పైన, ఎందుకంటే అప్పుడు సరుకూ ఒకటే గుర్తూ ఒకటే, జనం గందరగోళపడతారని కోర్టు ముందే అనుకుంటుంది. లేకపోతే పేరున్న గుర్తు అనే వాదన మీద ఆధారపడాలి, అది నిరూపించే బరువు వాళ్లదే. ఇది ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా పైసా కట్టకుండా వెతుక్కోవచ్చు. కంపెనీ పేరు, క్లాసు 28 కొట్టి చూడు, ఏది వచ్చినా ప్రింటు తీసి పెట్టుకో. బానెట్ ఆకారం కూడా మాదే అని ఒక లైను ఉంది, దానికి మాత్రం నంబరు ఇవ్వలేదు. డిజైన్ చట్టం కింద ఆకారానికి రక్షణ ముందు పదేళ్లు, తర్వాత ఇంకో ఐదేళ్లు, మొత్తం 15 ఏళ్లకు మించదు. మీ బాపుది ఏపీ 36 నంబరు అంటే తెలంగాణ రాకముందు బండి, ఆ మోడల్ అంతకన్నా ఎప్పటిదో. ఆకారం మీద ఏ రిజిస్ట్రేషన్ ఉందో నంబరు చెప్పమని అడుగు.

వాళ్లు ఇంత పెద్ద కంపెనీ అయ్యుండి నీలాంటి వాడి మీద ఎందుకు పడ్డారని నీకు అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. గుర్తును కాపాడుకోకుండా వదిలేస్తే దాని బలం తగ్గుతుందన్నది నిజమే, అందుకని కంపెనీలు ఈ పనిని ఏజెన్సీలకు, లాయర్లకు అప్పజెప్తాయి, వాళ్లు పేరు కొట్టి వెతికి, దొరికిన ప్రతి దానికీ ఒకే నమూనా నోటీసు పంపుతూ పోతారు. నీ నోటీసులో మూడో పేజీలో "మీరు తయారు చేస్తున్న నాసిరకం విడిభాగాలు" అని ఉంది చూశావా? విడిభాగాల వాడికి రాసిన నోటీసులో నీ పేరు అతికించారు. 2022లో హోండా కంపెనీ ఇట్లాగే చేసింది. త్రీడీ ప్రింటింగ్ ఫైళ్లు ఊరికే పంచుకునే ప్రింటబుల్స్ అనే సైట్‌లో హోండా పేరున్న మోడళ్లన్నీ తీసేయించింది. అందులో చాలా మటుకు కారులో విరిగిపోయే చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలకు బదులు జనం గీసుకున్నవి. ఇది ఫలానా బండికి సరిపోతుంది అని చెప్పాలంటే ఆ బండి పేరు రాయక తప్పదు, మన 30వ సెక్షన్ కూడా విడిభాగాల విషయంలో దానికి ఒప్పుకుంటుంది. కానీ పేరు పట్టుకుని వెతికేవాడికి ఆ తేడా ఎందుకు?

నాకు ఇంకా మంట పుట్టించేది రైళ్ల కథ. మా నాన్న కాజీపేట లోకో షెడ్డులో పనిచేశారు, నా షోకేసులో ఆల్కో డీజిల్ రైలింజిన్ బొమ్మలు మూడు ఉన్నాయి, కాబట్టి ఈ ముచ్చట కొంచెం ఎక్కువ చెప్తే ఓర్చుకో. అమెరికాలో లయొనెల్ అనే బొమ్మ రైళ్ల కంపెనీ 1948లో ఎఫ్3 డీజిల్ ఇంజిన్ బొమ్మ తెచ్చింది. దాని అచ్చుల ఖర్చులో అసలు ఇంజిన్ తయారుచేసిన జనరల్ మోటార్స్, దాన్ని నడిపే సాంటా ఫే, న్యూయార్క్ సెంట్రల్ రైల్వేలు కూడా వాటా వేసుకున్నాయి. పిల్లల ఇళ్లలో తమ రంగులు, తమ పేరు తిరిగితే అంతకన్నా ప్రచారం ఏముందని వాళ్ల లెక్క. యాభై ఏళ్లు తిరిగేసరికి లెక్క తలకిందులైంది. యూనియన్ పసిఫిక్ రైల్వే, బొమ్మల మీద మా పేరు వాడితే లైసెన్స్ తీసుకుని రాయల్టీ కట్టాలంది, 2004లో ఆథర్న్ అనే ఇంకో బొమ్మ రైళ్ల కంపెనీ మీద, లయొనెల్ మీద కేసులు వేసింది. తన పేరుకే కాదు, ఎప్పుడో తను మింగేసిన సదరన్ పసిఫిక్ లాంటి పాత రైల్వేల పేర్లకు కూడా పైసలు అడిగింది! ఆ రైళ్లు లేవు, ఆ కంపెనీలు లేవు, ఆ పేర్లను జనం నోట్లో బతికించింది బొమ్మలు చేసుకునే ఈ పిచ్చివాళ్లే. ఆథర్న్, లయొనెల్ రాజీపడ్డాయి. ఎంటీహెచ్ అనే ఇంకో కంపెనీ మాత్రం కొట్లాడింది, 2006 నవంబరులో యూనియన్ పసిఫిక్ దిగొచ్చి రాయల్టీ లేకుండా వాడుకోనిస్తానని ఒప్పుకుంది. కోర్టు తీర్పుతో కాదు, కొంత మొండితనంతో, కొంత రైలు అభిమానుల తిట్లతో.

రాయల్టీ పర్సెంటు అసలు సమస్య కాదు, వందకు ఐదో పదో అయితే నువ్వైనా ఇస్తావు. లైసెన్స్ అంటే ముందే ఇంత కనీస మొత్తం కట్టు, నమూనాలు పంపి ఓకే చేయించుకో, ఇన్సూరెన్స్ చూపించు, లెక్కలు ఇన్ని నెలలకోసారి పంపు అంటారు. పదివేల బొమ్మలు అచ్చు వేసే ఫ్యాక్టరీకి అది ఖర్చులో ఒక లైను. ఏడాదికి ఇరవై చేసే నీకు అది తలుపుకు తాళం. అట్లని లైసెన్స్ ఉన్న బొమ్మ గొప్పదనీ కాదు. ఒకసారి అధికారిక ముద్ర ఉన్న ఇంజిన్ బొమ్మ కొన్నాను, పెట్టె మీద మెరిసే హోలోగ్రామ్, లోపల ఇంజిన్ కింద ఒక్కో చక్రాల చట్రానికి మూడు ఇరుసులు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి. మా నాన్న చూసి ఇది ఏ షెడ్డుదిరా అని నవ్వారు.

ఇంతా చెప్పి నేను కంపెనీలన్నీ దుర్మార్గులు, ఈ చట్టం వద్దు అనట్లేదు. నిర్మల్ బొమ్మలు తీసుకో. పొనికి కర్రతో అక్కడి నకాషీ కుటుంబాలు చేసే పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. రేపు ఎవడో ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ మామిడికాయలు, అరటిపళ్లు అచ్చుపోసి పెట్టె మీద "నిర్మల్ బొమ్మలు" అని వేస్తే నీకూ నాకూ కోపం రాదా? పెంబర్తి ఇత్తడి పనికీ అంతే. పేరును కాపాడే చట్టం మనకూ కావాలి. కానీ నిర్మల్ కళాకారుడు చెక్కతో ట్రాక్టర్ బొమ్మ చెక్కితే ట్రాక్టర్ కంపెనీ వచ్చి పైసలు అడగడం వేరే సంగతి.

పక్క ముచ్చట ఒకటి. బొమ్మలు చేసే వాళ్లు చాలామంది అడుగుతుంటారు, గుళ్ల మోడళ్లు అమ్మొచ్చా అని. రామప్ప, వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్ తోరణం ఏ కంపెనీ ట్రేడ్‌మార్కూ కాదు, హాయిగా చేసుకోండి. ముంబై తాజ్ హోటల్ భవనం మాత్రం 2017లో ట్రేడ్‌మార్క్ అయింది, దాని మోడల్ అమ్మాలంటే ఆలోచించాలి. కాకతీయ తోరణం చేయడం వేరు, తోరణం ఉన్న ప్రభుత్వ ముద్రను పెట్టె మీద వేసి అమ్మడం వేరు, ఆ రెండో పని చేయకండి, దానికి వేరే చట్టం ఉంది. బస్సులు చేసేవాళ్లు కూడా కొంచెం చూసుకోండి, కేఎస్‌ఆర్‌టీసీ అన్న ఐదు ముక్కల పేరు మాదంటే మాదని కేరళ, కర్ణాటక ఆర్టీసీలే ఏళ్ల తరబడి కొట్లాడుకున్నాయి, 2023 డిసెంబరులో మద్రాస్ హైకోర్టు కేరళ పిటిషన్ కొట్టేసేదాకా.

సరే, నీ దగ్గరికి వద్దాం. నీకు సలహా ఇచ్చిన ముగ్గురిలో బాపు సలహా భయంతో వచ్చింది, దాన్ని పక్కన పెట్టాం. దోస్తు సలహా అన్నిటికన్నా ప్రమాదం. ఒక అక్షరం మార్చి కొట్టిస్తే చట్టానికి అది "మోసం చేసేటంత పోలిక" కిందకే వస్తుంది. పైగా నోటీసు అందాక మార్చావంటే ఆ గుర్తు ఇంకొకరిదని తెలిసే తప్పించుకోవడానికి చేశావని వాళ్లకు నువ్వే రాసిచ్చినట్టు. ఇప్పుడు నీ దగ్గరున్న ఒకే ఒక్క బలం నిజాయితీ, దాన్ని రేడియం షాపులో అమ్ముకోకు. ఇక చింపేయమన్న ఆయన సంగతి. హన్మకొండ దాకా వాళ్లు రానక్కర్లేదు, తమ ఆఫీసు ఉన్న ఊళ్లోనే కేసు వేసుకునే వీలు ఈ చట్టం ఇస్తుంది. నువ్వు హాజరు కాకపోతే నీ మాట వినకుండానే ఇంజంక్షన్, అంటే అమ్మకం ఆపమని కోర్టు ఉత్తర్వు వస్తుంది. ఆ పెద్దమనిషి నీతోపాటు ఢిల్లీ రైలెక్కుతాడేమో అడుగు.

జవాబు ఇవ్వాలి, అది ఒక్క పేజీ దాటకూడదు. కోపం వద్దు, కన్నీళ్లు వద్దు, "నేను పేదవాణ్ణి" అని కూడా వద్దు. మీ నోటీసు అందింది, నేను చేతితో ఏడాదికి కొద్ది సంఖ్యలో స్కేల్ మోడళ్లు చేస్తాను, మోడల్ మీద గుర్తు అసలు వాహనం ఎట్లా ఉంటుందో చూపించడానికే ఉంది కానీ అవి మీ కంపెనీ తయారీ అని చెప్పడానికి కాదు, నేను ఉల్లంఘించానని ఒప్పుకోవడం లేదు, అయినా ఎవరికీ అనుమానం రాకూడదని ఫలానా తేదీన పేజీ పేరు, ప్రొఫైల్ ఫోటో, పెట్టె మార్చాను, ఆ పోస్టులు తీసేశాను, 28వ క్లాసులో గానీ బానెట్ ఆకారం మీద గానీ మీకు రిజిస్ట్రేషన్ ఉంటే సర్టిఫికెట్ కాపీ పంపండి, విడిభాగాలు నేను ఎప్పుడూ చేయలేదు కాబట్టి ఆ పేరా నాకు వర్తించదు. ఇంతే. కొన్నవాళ్ల లిస్టు ఇవ్వకు, వాళ్లు రైతులు, వాళ్ల ఫోన్ నంబర్లు ఎవరికో ఇచ్చే హక్కు నీకు లేదు. 2 లక్షల ఊసే ఎత్తకు, అది ఏ లెక్కన వచ్చిందో వాళ్లకే తెలియదు. వాళ్లు పంపిన ఒప్పంద పత్రం మీద సంతకం మాత్రం చచ్చినా పెట్టకు. అందులో ఐదో పాయింటు ప్రకారం నువ్వు జీవితంలో "ఏ వాహన నమూనా" చేయకూడదు. వాళ్ల ట్రాక్టర్ ఒక్కటే కాదు, ఎడ్లబండి కూడా చేయకూడదన్నమాట! అవసరమైతే నీ మాటల్లో, పేజీ పేరు, పెట్టె వరకే ఒక హామీ రాసివ్వొచ్చు.

ఇంకో సంగతి నీ లాయర్‌కు గుర్తుచేయి. 142వ సెక్షన్ ప్రకారం ఆధారం లేకుండా ట్రేడ్‌మార్క్ పేరుతో బెదిరిస్తే, బెదిరింపులు అందుకున్నవాడే తిరిగి కోర్టుకు పోయి అవి ఆపమని, నష్టపరిహారం ఇప్పించమని అడగొచ్చు. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఆలస్యం చేయకుండా నిజంగానే కేసు వేస్తే ఈ సెక్షన్ పనిచేయదు. నీ పేజీ పేరు అట్లున్నప్పుడు దీన్ని వాడమని నేను చెప్పను, కానీ మార్పులన్నీ చేశాక కూడా వాళ్లు వెంటపడితే అప్పుడు ఆలోచించొచ్చు.

అంతదాకా గుర్తు ఉన్న బొమ్మల అమ్మకం ఆపు, కొత్త ఆర్డర్లు తీసుకోకు. ఆపడం ఒప్పుకోవడం కాదు. తర్వాత ఎట్లా అంటే, నీ దగ్గర కొన్నవాళ్ల మెసేజ్‌లు నువ్వు పంపినవే మళ్లీ చదివి చూడు. ఒక్కరు కూడా లోగో బాగా రావాలని అడగలేదు. నంబర్ ప్లేట్ సరిగ్గా వేయమన్నారు, ట్రాలీ వెనక "కొమురెల్లి మల్లన్న దీవెన" రాయమన్నారు, ముందు నిమ్మకాయలు మిరపకాయలు వేలాడదీయమన్నారు, కేజ్ వీల్స్‌కు బురద రంగు కొట్టమన్నారు, ఒకాయన తన సీటు మీద వేసుకునే చింకి దుప్పటి కూడా పెట్టమన్నాడు. వాళ్లు కొన్నది కంపెనీ పేరును కాదు, వాళ్ల ట్రాక్టర్‌ను. బానెట్ మీద పేరు లేకుండా అమ్మినా నీ బొమ్మ ఎవరిదో పెద్దపల్లి రైతు పది అడుగుల దూరం నుంచే గుర్తుపడతాడు. కొన్నాక ఆయనే స్టిక్కర్ తెచ్చి అతికించుకుంటే అది ఆయనిష్టం. నువ్వు మాత్రం పక్క కవర్లో పెట్టి ఇవ్వకు, అది పెట్టె మీద వేసినట్టే.

లైసెన్స్ కోసం కంపెనీ మార్కెటింగ్ వాళ్లకు వేరేగా ఒక మంచి ఉత్తరం రాయొచ్చు, నోటీసు పంపిన లాయర్లకు కాదు. ఫోటోలు పెట్టు, ఏడాదికి ఇన్నే చేస్తానని రాయి. ఒప్పుకుంటే మంచిదే, జవాబు రాకపోయినా నిజాయితీకి ఒక కాగితం ఉంటుంది. నీ సొంత పేరు ఒకటి పెట్టుకుని బొమ్మ అడుగున, పెట్టె మీద వేయడం మొదలుపెట్టు. కుదిరితే 28వ క్లాసులో ఆ పేరును రిజిస్టర్ చేయించుకో. నీలాంటి వ్యక్తులకు ఆన్‌లైన్ ఫీజు 4,500 రూపాయలు, మన తెలంగాణకు చెన్నై ఆఫీసు, పోవాల్సిన పనిలేదు. రేపు నీ పేరుతో ఇంకెవడైనా అమ్మితే నోటీసు నువ్వు పంపొచ్చు, కానీ నాలుగు పేజీలు రాయకు.

లాయర్‌కు ఫీజు ఎట్లా అని అడుగుతావేమో, కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, వికలాంగులకు, ఆదాయం తక్కువున్న వాళ్లకు ఉచితంగా లాయర్‌ను పెడతారు, నీ జీతం చెప్తే నీకు వస్తుందో లేదో చెప్తారు. ఇట్లాంటి వ్యాపార తగాదాల్లో కేసుకు ముందు మధ్యవర్తిత్వం కూడా వాళ్ల దగ్గరే జరుగుతుంది.

పదిహేను రోజుల్లో వారం అయిపోయింది. సోమవారం పొద్దున పోయి కలువు. నోటీసుతోపాటు అది వచ్చిన కవరు కూడా పట్టుకెళ్లు, దాని మీద పోస్టు ముద్ర తేదీ ఉంటుంది. జవాబు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో, మెయిల్ కూడా చెయ్. అమ్మకుండా మిగిలిన బొమ్మలు అట్టపెట్టెలో సర్ది అటక మీద పెట్టు. బాపు ట్రాక్టర్ బొమ్మ మాత్రం ఆ పెట్టెలో వేయకు, టీవీ పక్కనే ఉండనీ. దాని స్టిక్కర్ కూడా తీయక్కర్లేదు, అది అమ్మకానికి కాదు కదా.